2147483647

2147483647 ఒక సహజ సంఖ్య. దీనిని మన లెక్కింపు పద్ధతిలో రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు అని చదవాలి. తెలుగు అంకెలలో ౨౧౪౭౪౮౩౬౪౭ అని వ్రాస్తారు. ఇది 2147483646 తరువాత, 2147483648 కి ముందు వచ్చే బేసి సంఖ్య. 2 ను 31 సార్లు హెచ్చవేసి, వచ్చిన లబ్ధం నుండి 1 తీసివేస్తే ఈ సంఖ్య వస్తుంది. అనగా ఇది 2³¹ − 1.

గణితంలో ఇది ఒక ప్రధాన సంఖ్య. 2 యొక్క ఘాతం నుండి ఒకటి తీసివేయగా వచ్చే ప్రధాన సంఖ్యలను మెర్సేన్ ప్రధాన సంఖ్యలు అంటారు. వాటి వరుసలో ఇది ఎనిమిదవది. ఇది ప్రధాన సంఖ్య అని లియొనార్డ్ ఆయిలర్ 1772లో నిరూపించాడు. కంప్యూటరు శాస్త్రంలో దీనికి మరొక ప్రాముఖ్యం ఉంది. 32 బిట్లలో, ధన ఋణ చిహ్నంతో సహా, ఇమడగల అతి పెద్ద పూర్ణసంఖ్య ఇదే. "2038 సమస్య"గా పేరుపడిన చిక్కుకు మూలం ఈ సంఖ్యే.

సంఖ్య పరిమాణం

పది అంకెల సంఖ్య అనగానే దాని పరిమాణం మనసుకు పట్టదు. చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక ధాన్యపు గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేస్తూ పోయే కథ అందరికీ తెలిసినదే. ఆ కథలో మొదటి 31 గళ్ళలో చేరే గింజల మొత్తం సరిగ్గా 2147483647. ఎందుకంటే 1 + 2 + 4 + 8 + ... అని 31 పదాలు కూడితే 2³¹ − 1 వస్తుంది. గింజ బరువు 25 మిల్లీగ్రాములు అనుకుంటే ఈ రాశి 53 టన్నులకు పైబడుతుంది. ఇంత పోసినా బల్లలో సగం కూడా నిండలేదని గమనించాలి. ముప్పై రెండవ గడిలో పోయవలసిన గింజలు అంతకు ముందు పోసిన మొత్తం గింజలకన్నా ఒకటి ఎక్కువ.

కాలంతో పోల్చుకుంటే ఇంకా తేలికగా అర్థమవుతుంది. 2147483647 సెకన్లు అంటే 68 సంవత్సరాల పైచిలుకు. 31 బిళ్ళలతో హనోయ్ స్తంభాల ఆట ఆడేవారు సెకనుకొక ఎత్తు చొప్పున ఒక్క తప్పు కూడా చేయకుండా ఆడినా ముగించడానికి ఇంత కాలమే పడుతుంది, ఎందుకంటే ఆ ఆటకు కావలసిన కనిష్ఠ ఎత్తుల సంఖ్య కూడా ఇదే. ఈ 68 సంవత్సరాల లెక్క దిగువన మళ్ళీ అవసరమవుతుంది.

ద్విసంఖ్యామానంలో ఈ సంఖ్యను 31 ఒకట్లు వరుసగా పేర్చి వ్రాయాలి. దశాంశ పద్ధతిలో 999 అనేది వెయ్యికి ఒకటి తక్కువ అయినట్లే, ద్విసంఖ్యామానంలో అన్నీ ఒకట్లే గల సంఖ్య 2 యొక్క ఏదో ఒక ఘాతానికి ఒకటి తక్కువ. అష్టాంశ పద్ధతిలో ఇది 17777777777, అంటే ఒకటి తరువాత పది ఏడులు.

మెర్సేన్ సంఖ్యలు

2 యొక్క ఘాతానికి ఒకటి తక్కువగా ఉన్న సంఖ్యలపై ఆసక్తి యూక్లిడ్ కాలం నాటిది. అటువంటి సంఖ్య ప్రధాన సంఖ్య కావాలంటే ఘాతాంకం కూడా ప్రధాన సంఖ్య అయి తీరాలి. ఉదాహరణకు ఘాతాంకం 6 అనుకుందాం. 6 = 2 × 3 కనుక 2⁶ − 1 = 63 ను 2² − 1 = 3, 2³ − 1 = 7 రెండూ భాగిస్తాయి. అయితే దీని విపర్యయం నిజం కాదు. 11 ప్రధాన సంఖ్య అయినా 2¹¹ − 1 = 2047 = 23 × 89. పూర్వం చాలామంది తప్పటడుగు వేసింది ఇక్కడే.

ఇటలీ దేశపు గణితవేత్త కటాల్డి 2¹⁷ − 1 = 131071, 2¹⁹ − 1 = 524287 ప్రధాన సంఖ్యలని 1588లో సరిగా నిరూపించాడు. ఆయన చేసిన పని సాదా భాగహారమే. సంఖ్య వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో ఒక్కొక్కటిగా భాగించి చూశాడు. అంతటితో ఆగక 23, 29, 31, 37 ఘాతాంకాలు కూడా ప్రధాన సంఖ్యలనే ఇస్తాయని ప్రకటించాడు. ఈ నాలుగింటిలో 31 ఒక్కటే నిలిచింది. 2²³ − 1 = 47 × 178481 అనీ, 2³⁷ − 1 ను 223 భాగిస్తుందనీ 1640లో ఫెర్మా చూపించాడు. 2²⁹ − 1 = 233 × 1103 × 2089 అని తరువాత ఆయిలర్ తేల్చాడు.

ఫ్రాన్సు దేశపు క్రైస్తవ సన్యాసి మారిన్ మెర్సేన్ (1588 - 1648) 1644లో ఒక పట్టిక ప్రకటించాడు. 257 వరకు గల ఘాతాంకాలలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమే ప్రధాన సంఖ్యలను ఇస్తాయని దాని సారాంశం. ఈ పట్టికలో 67, 257 తప్పులు. 61, 89, 107 విడిచిపెట్టబడ్డాయి. ఇన్ని తప్పులున్నా ఈ సంఖ్యలకు మెర్సేన్ పేరే స్థిరపడింది. ఆ కాలంలో యూరపు పండితుల మధ్య ఉత్తరాల రాకపోకలకు మెర్సేన్ ఒక కూడలిగా ఉండేవాడు. సమస్యను పదిమంది నోళ్ళలో నానేటట్లు చేసిన ఘనత ఆయనదే కనుక ఆ పేరు అన్యాయమేమీ కాదు. పట్టికలోని 31 సరైనదా కాదా అన్నది మాత్రం ఆయన తరువాత 128 సంవత్సరాల వరకు ఎవరికీ తెలియలేదు.

ఆయిలర్ నిరూపణ

2147483647 యొక్క వర్గమూలం 46340 కంటే కొద్దిగా ఎక్కువ. కటాల్డి పద్ధతిలో పోతే ఆ అవధిలోపు ఉన్న సుమారు 4,800 ప్రధాన సంఖ్యలతో భాగహారం చేయాలి. పది అంకెల సంఖ్యను కాగితంపై 4,800 సార్లు భాగించడం ఒకరి వల్ల కాని పని అనలేము గాని, మధ్యలో ఒక్క పొరపాటు దొర్లినా శ్రమ అంతా వ్యర్థమే. ఆయిలర్ గొప్పతనం భాగహారం చేయడంలో లేదు. ఏ భాగహారాలు చేయనవసరం లేదో ముందే తెలుసుకోవడంలో ఉంది.

మొదటి మెట్టు. 2³¹ − 1 ను ఏదో ఒక ప్రధాన సంఖ్య "ప" భాగిస్తుందని అనుకుందాం. అప్పుడు 2³¹ ను "ప" చేత భాగిస్తే శేషం 1. అంటే 1, 2, 4, 8, ... అనే శ్రేణిని "ప" చేత భాగించగా వచ్చే శేషాలు 31 మెట్లకొకసారి తిరిగి 1 కి వస్తాయి. 31 ప్రధాన సంఖ్య కనుక అంతకన్నా చిన్న చక్రం ఉండడానికి వీలులేదు. ఇక ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం "ప − 1" మెట్ల తరువాత కూడా శేషం 1 కావాలి. కాబట్టి "ప − 1" అనేది 31 యొక్క గుణిజం. "ప" బేసి కనుక "ప − 1" సరిసంఖ్య కూడా. అందుచేత "ప − 1" ను 62 భాగించాలి. అంటే భాజకం ఏదైనా ఉంటే అది 62 యొక్క గుణిజానికి ఒకటి ఎక్కువగా ఉండాలి.

రెండవ మెట్టు. 2³¹ ను "ప" చేత భాగిస్తే శేషం 1 కనుక 2³² ను భాగిస్తే శేషం 2. కాని 2³² అనేది 2¹⁶ యొక్క వర్గం. ఒక వర్గసంఖ్యను "ప" చేత భాగిస్తే శేషం 2 రావడం అన్ని ప్రధాన సంఖ్యల విషయంలో జరగదు. "ప" ను 8 చేత భాగిస్తే 1 గాని 7 గాని మిగలాలి. పైన చూసిన 2047 విషయంలో ఈ రెండు నియమాలను సరిచూసుకోవచ్చు. అక్కడ ఘాతాంకం 11 కనుక భాజకాలు 22 యొక్క గుణిజానికి ఒకటి ఎక్కువ కావాలి. 23 = 22 + 1, 89 = 88 + 1. ఇక 23 ను 8 చేత భాగిస్తే 7, 89 ను భాగిస్తే 1 మిగులుతాయి.

ఈ రెండు నియమాలను కలిపితే "ప" ను 248 చేత భాగించినప్పుడు శేషం 1 గాని 63 గాని కావాలి. 46340 లోపు ఈ రూపంలో ఉన్న సంఖ్యలు 63 తో కలిపి 373 మాత్రమే. అందులో ప్రధాన సంఖ్యలు కానివాటిని (63, 249, 497, 559, ...) తొలగిస్తే ఎనభై పైచిలుకు మిగులుతాయి. 4,800 భాగహారాలు ఎనభైకి దిగివచ్చాయి.

వాటిలో మొదటిది 311. 2147483647 ను 311 చేత భాగిస్తే భాగఫలం 6905092, శేషం 35. తరువాతది 1303. భాగఫలం 1648107, శేషం 226. మూడవది 1489. ఇలా చివరి వరకు చూసినా ఎక్కడా శేషం సున్నా రాదు. కాబట్టి 2147483647 ప్రధాన సంఖ్య. బెర్నూలీకి వ్రాసిన ఒక లేఖలో ఆయిలర్ ఈ ఫలితాన్ని తెలియజేశాడు.

అప్పటికి ఆయిలర్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు. వయస్సు 65. ఒక కన్ను యౌవనంలోనే పోయింది. రెండవ కంటికి శుక్లం వచ్చి, 1771లో చేసిన శస్త్రచికిత్స వికటించి చూపు దాదాపు పూర్తిగా పోయింది. అదే సంవత్సరం జరిగిన అగ్నిప్రమాదంలో ఇల్లు కాలిపోయింది. ఆ స్థితిలో ఉన్న మనిషి చేసిన లెక్క ఇది.

ఆ తరువాత సుమారు ఎనభై సంవత్సరాల పాటు ఇంతకన్నా పెద్ద ప్రధాన సంఖ్య ఏదీ తెలియలేదు.

పరిపూర్ణ సంఖ్య, బార్లో జోస్యం

తనను మినహాయించి మిగిలిన భాజకాలన్నిటి మొత్తానికి సమానమైన సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 6 = 1 + 2 + 3 అన్నిటికన్నా చిన్నది. 28 రెండవది. మెర్సేన్ ప్రధాన సంఖ్య ఒకటి దొరికిన ప్రతిసారీ ఒక పరిపూర్ణ సంఖ్య దానితో పాటే దొరుకుతుందని యూక్లిడ్ తన "ఎలిమెంట్స్" తొమ్మిదవ భాగంలో నిరూపించాడు. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఇలా వచ్చేవేనని రెండు వేల ఏళ్ళ తరువాత ఆయిలర్ నిరూపించాడు. ఈ సూత్రం ప్రకారం 2³⁰ × 2147483647 = 2305843008139952128 ఎనిమిదవ పరిపూర్ణ సంఖ్య. దీనికి 19 అంకెలు.

ఇంగ్లండు గణితవేత్త పీటర్ బార్లో 1811లో ప్రచురించిన సంఖ్యాశాస్త్ర గ్రంథంలో ఈ పరిపూర్ణ సంఖ్యను పేర్కొని, ఇంతకన్నా పెద్దదాన్ని ఎవరూ ఎప్పటికీ కనుగొనబోరని అభిప్రాయపడ్డాడు. ఇవి వింతకే తప్ప ఉపయోగానికి పనికిరావు కనుక ఎవరూ ఆ శ్రమకు పూనుకోరని ఆయన వాదం. ఉపయోగం లేని పనికి మనుషులు పూనుకోరనుకోవడమే ఆయన పొరపాటు. 1876లో ఫ్రాన్సు దేశపు ఎదువార్ లూకా 39 అంకెలు గల 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని చూపించాడు. 1883లో రష్యాకు చెందిన పెర్వూషిన్ 2⁶¹ − 1 ను కనుగొన్నాడు. 1903లో అమెరికా గణితవేత్త కోల్ 2⁶⁷ − 1 = 193707721 × 761838257287 అని చూపించాడు. 2024 అక్టోబరులో ప్రకటించబడిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 కు నాలుగు కోట్ల పది లక్షలకు పైగా అంకెలున్నాయి. దానితో తెలిసిన మెర్సేన్ ప్రధాన సంఖ్యలు 52 అయ్యాయి.

లూకా పద్ధతిని తరువాత లేమర్ సరళం చేశాడు. దానితో ఇప్పుడు ఆయిలర్ చేసిన భాగహారాలు కూడా అక్కరలేదు. 4 తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసివేసి, పరీక్షించవలసిన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఘాతాంకానికి 2 తక్కువ సార్లు ఇలా చేశాక సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య. చిన్న ఉదాహరణగా 2⁵ − 1 = 31 ను తీసుకుంటే మూడు మెట్లు చాలు. 4 వర్గం 16, 2 తీసివేస్తే 14. 14 వర్గం 196, 2 తీసివేస్తే 194, దానిని 31 చేత భాగిస్తే శేషం 8. 8 వర్గం 64, 2 తీసివేస్తే 62, 31 చేత భాగిస్తే శేషం 0. కాబట్టి 31 ప్రధాన సంఖ్య. 2147483647 కు ఇటువంటి మెట్లు 29 చాలు. ఓపిక గల విద్యార్థి ఒక్క రోజులో చేతితో చేయవచ్చు.

జంట మెర్సేన్ సంఖ్య

ఈ సంఖ్యకు ఘాతాంకమైన 31 కూడా మెర్సేన్ ప్రధాన సంఖ్యే (2⁵ − 1). ఘాతాంకం కూడా మెర్సేన్ ప్రధాన సంఖ్యే అయిన మెర్సేన్ సంఖ్యలను జంట మెర్సేన్ సంఖ్యలు అంటారు. వాటిలో ప్రధాన సంఖ్యలుగా తెలిసినవి నాలుగే. అవి 7, 127, 2147483647, 2¹²⁷ − 1.

5 నుండి 31, 31 నుండి 2147483647 వచ్చాయి కదా, ఇదే దారిలో ఇంకొక అడుగు వేస్తే 2 ను 2147483647 సార్లు హెచ్చవేసి ఒకటి తీసివేయగా వచ్చే సంఖ్య కూడా ప్రధాన సంఖ్య అవుతుందా అన్న ప్రశ్న సహజం. ఆ సంఖ్యను వ్రాయడానికే 64 కోట్లకు పైగా అంకెలు కావాలి. అయినా దాని సంగతి తేలిపోయింది. 295257526626031 దానిని భాగిస్తుంది. గొలుసు అక్కడ తెగిపోయింది. ఈ భాజకం కూడా ఆయిలర్ నియమానికి లోబడే ఉంది. దాని నుండి 1 తీసివేస్తే వచ్చేది 2147483647 × 137490.

మరికొన్ని లక్షణాలు

2 నుండి మొదలుపెట్టి ప్రధాన సంఖ్యలను వరుసగా లెక్కిస్తే 2147483647 యొక్క స్థానం 105097565. దీనికి ముందున్న ప్రధాన సంఖ్య 2147483629, తరువాతది 2147483659. రెండు తక్కువైన 2147483645 ను 5, రెండు ఎక్కువైన 2147483649 ను 3 భాగిస్తాయి కనుక దీనికి కవల ప్రధాన సంఖ్య లేదు.

దీనిని 8 చేత భాగిస్తే 7 మిగులుతుంది. అటువంటి సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా గాని, మూడు వర్గాల మొత్తంగా గాని వ్రాయడం సాధ్యం కాదు. లగ్రాంజ్ సిద్ధాంతం ప్రకారం ఏ సహజ సంఖ్యకైనా నాలుగు వర్గాలు సరిపోతాయి. దీనికి ఆ నాలుగూ కావాలి.

ఒకటి తక్కువైన 2147483646 = 2 × 3² × 7 × 11 × 31 × 151 × 331. ఇలా చిన్న చిన్న కారణాంకాలుగా విడిపోవడం చాలా సౌకర్యమైన విషయం. దాని ఉపయోగం కింది విభాగంలో కనిపిస్తుంది.

యాదృచ్ఛిక సంఖ్యల తయారీ

పాచికలు వేసినట్లు సంఖ్యలను పుట్టించడం కంప్యూటరుకు చేతకాని పని. అది నియమం ప్రకారమే నడుస్తుంది. అందుకని చూడటానికి యాదృచ్ఛికంగా కనిపించే సంఖ్యలను నియమబద్ధంగా పుట్టిస్తారు. ఒక ప్రధాన సంఖ్యను ఎన్నుకొని, ఒక గుణకంతో పదే పదే హెచ్చవేస్తూ శేషాలు తీసుకోవడం ఒక పద్ధతి. ఉదాహరణకు 31 ని, గుణకంగా 3 ని తీసుకుంటే 1, 3, 9, 27, 19, 26, 16, 17, 20, 29, ... అని 30 మెట్ల వరకు ఏ సంఖ్యా రెండవసారి రాదు. 1 నుండి 30 వరకు అన్నీ ఒక్కొక్కసారి వచ్చాకే తిరిగి 1 వస్తుంది. గుణకంగా 2 ను తీసుకుంటే మాత్రం 1, 2, 4, 8, 16 తోనే చక్రం ముగిసిపోతుంది. గుణకం ఎంపికలోనే కిటుకంతా ఉంది.

లేమర్ 1951లో ప్రకటించిన ఈ ఆలోచనకు 2147483647 చక్కగా అమరింది. 1969లో లూయిస్, గుడ్‌మన్, మిల్లర్ దీనికి గుణకంగా 16807 (7 యొక్క అయిదవ ఘాతం) ను వాడారు. 1988లో పార్క్, మిల్లర్ దీనినే "కనీస ప్రమాణం"గా ప్రతిపాదించారు. 1 తో మొదలుపెడితే 16807, 282475249, 1622650073, 984943658 అని సాగుతుంది. 2147483646 మెట్లు పూర్తయితే గాని తిరిగి మొదటికి రాదు. ఒక గుణకం పూర్తి చక్రం తిరుగుతుందా లేదా తేల్చడానికి 2147483646 యొక్క కారణాంకాలు తెలిస్తే చాలు. పైన చెప్పిన సౌకర్యం ఇదే. ప్రోగ్రాము సరిగా వ్రాశారో లేదో చూసుకోవడానికి ఒక గీటురాయి కూడా ఉంది. 1 తో మొదలుపెట్టి పదివేల మెట్లు వేశాక 1043618065 రావాలి.

ఈ సంఖ్యతో భాగించడం యంత్రానికి సులభం కూడా. 9 చేత భాగిస్తే వచ్చే శేషం కోసం అంకెలు కూడుకోవడం బడిలో నేర్పే చిట్కా. 10 ని 9 భాగిస్తే 1 మిగలడమే దానికి కారణం. అలాగే 2³¹ ను ఈ సంఖ్య భాగిస్తే 1 మిగులుతుంది కనుక పెద్ద సంఖ్యను 31 బిట్ల ముక్కలుగా విడగొట్టి కూడుకుంటే చాలు, భాగహారమే అక్కరలేదు. ఆటలకు, చిన్న ప్రయోగాలకు ఈ పద్ధతి చాలుతుంది. రహస్య లిపికి, బ్యాంకు లావాదేవీల భద్రతకు పనికిరాదు, ఎందుకంటే ఒక్క సంఖ్య తెలిస్తే తరువాతివన్నీ తెలిసిపోతాయి.

కంప్యూటర్లలో పరిమితి

కంప్యూటరులో పూర్ణసంఖ్యకు 32 బిట్లు కేటాయించడం చాలాకాలం ఆనవాయితీగా ఉండేది. వాటిలో ఒకటి చిహ్నానికి పోతే మిగిలినవి 31. ఆ 31 స్థానాలూ ఒకట్లతో నిండితే వచ్చేది 2147483647. దానికి మరొక 1 కూడితే మోత జరిగి చిహ్నపు బిట్టులో ఒకటి పడుతుంది. అప్పుడు సంఖ్య ఒక్కసారిగా −2147483648 గా మారిపోతుంది. కారులో కిలోమీటర్లు చూపే మీటరు 99999 తరువాత 00000 చూపినట్లే ఇదీను. తేడా ఏమిటంటే ఇక్కడ సున్నాకు కాక ఋణ సంఖ్యల అట్టడుగుకు పోతుంది.

ఈ పొంగిపొర్లడం వల్ల కలిగిన చిక్కులు చాలా ఉన్నాయి. క్రమంలో ఉన్న జాబితాలో ఒక అంశాన్ని వెదకడానికి మధ్య స్థానం చూసుకుంటూ పోయే పద్ధతి విద్యార్థులందరూ నేర్చుకునేదే. మొదటి స్థానాన్ని, చివరి స్థానాన్ని కూడి రెండుతో భాగిస్తే మధ్య స్థానం వస్తుంది. జాబితా చాలా పెద్దదైతే ఆ కూడిక 2147483647 ను దాటి ఋణ సంఖ్య అవుతుంది. జావా భాషతో పాటు వచ్చే ప్రోగ్రాములోనే ఈ లోపం ఏళ్ళ తరబడి ఉండిపోయిందని 2006లో జాషువా బ్లాక్ వెల్లడించాడు. తేడాలో సగాన్ని మొదటి స్థానానికి కలిపితే ఈ ఇబ్బంది రాదు. గణితంలో రెండూ సమానమే. యంత్రంలో కావు.

2014 డిసెంబరులో కొరియా గాయకుడు సై పాడిన "గంగ్నమ్ స్టైల్" వీడియో వీక్షణల సంఖ్య ఈ అవధిని చేరడంతో లెక్కింపును 64 బిట్లకు మార్చినట్లు యూట్యూబ్ ప్రకటించింది. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ బోయింగ్ 787 విమానాల విషయమై ఒక ఆదేశం జారీ చేసింది. వాటి విద్యుత్ వ్యవస్థ 248 రోజులు ఆపకుండా నడిస్తే జనరేటర్ల నియంత్రణ పరికరాలు ఒకేసారి పనిచేయడం మానివేయవచ్చనీ, లోపల ఉన్న ఒక లెక్కింపు పొంగిపొర్లడమే కారణమనీ అందులో ఉంది. సెకనులో నూరవ వంతు చొప్పున లెక్కించే గడియారం 2³¹ కు చేరడానికి పట్టే కాలం 248.55 రోజులు. ఆయిలర్ నిరూపణలో కనిపించిన 248 కీ దీనికీ సంబంధం లేదు. అది 8 × 31, ఇది కాకతాళీయం.

మన దేశపు మొబైల్ ఫోను సంఖ్యలకు పది అంకెలుంటాయి. అవి 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి. అంటే అవన్నీ ఈ అవధికి పైనే ఉన్నాయి. అటువంటి సంఖ్యను 32 బిట్ల పూర్ణసంఖ్యగా దాచుకోబోతే మైఎస్‌క్యూఎల్ వంటి కొన్ని డేటాబేసులు, కఠిన నియమాలు అమలులో లేనప్పుడు, దానిని కత్తిరించి 2147483647 అని వ్రాసుకుంటాయి. కొత్తగా ప్రోగ్రాములు వ్రాసేవారి పట్టికలో అందరి ఫోను సంఖ్యా ఒకటే అయి కనిపించడానికి కారణం ఇదే. ఫోను సంఖ్యలతో కూడికలు, తీసివేతలు ఎవరూ చేయరు కనుక వాటిని అక్షరాల వరుసగా దాచుకోవడమే సరైన పద్ధతి.

2038 సమస్య

యూనిక్స్, దానినుండి పుట్టిన వ్యవస్థలు కాలాన్ని 1970 జనవరి 1 అర్ధరాత్రి (గ్రీనిచ్ ప్రమాణం) నుండి గడిచిన సెకన్లుగా లెక్కిస్తాయి. ఆ లెక్కకు 32 బిట్లే కేటాయించిన చోట 68 సంవత్సరాలకు అవధి వస్తుంది. ఆ చివరి క్షణం 2038 జనవరి 19, మంగళవారం, గ్రీనిచ్ కాలం ప్రకారం 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లు. భారత కాలం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. మరుసటి సెకనులో ఆ యంత్రాల దృష్టిలో తేదీ 1901 డిసెంబరు 13కు, భారత కాలం ప్రకారం 14వ తేదీ తెల్లవారుజాముకు, వెళ్ళిపోతుంది.

ఇది 2038లో మాత్రమే వచ్చే సమస్య అనుకోరాదు. భవిష్యత్తు తేదీలతో లెక్కలు వేసే ప్రతి ప్రోగ్రాముకూ ముందే ఎదురవుతుంది. ఇరవై ఏళ్ళ గృహ ఋణానికి వాయిదాల పట్టిక తయారుచేసేవారు 2018 నుండే ఈ అవధిని దాటవలసి వచ్చింది. 2006 మే 13న ఏఓఎల్‌సర్వర్ అనే సాఫ్ట్‌వేరు కొన్నిచోట్ల దెబ్బతిన్నది. "ఎప్పటికీ గడువు తీరని" పనికి గుర్తుగా అందులో వంద కోట్ల సెకన్ల గడువు పెట్టుకున్నారు. ఆ రోజుకు వంద కోట్ల సెకన్లు కలిపితే అవధి దాటిపోయింది.

దీనికి పరిష్కారం కాలాన్ని 64 బిట్లలో లెక్కించడం. అప్పుడు అవధి సుమారు 29,200 కోట్ల సంవత్సరాలకు జరుగుతుంది. ఇప్పటి 64 బిట్ల కంప్యూటర్లు, ఫోన్లలో చాలావరకు ఈ మార్పు జరిగిపోయింది. 32 బిట్ల యంత్రాలకు కూడా 64 బిట్ల కాలాన్ని వాడుకునే వీలును లినక్స్ 2020లో వెలువడిన 5.6 సంచికలో కల్పించింది. అసలు చిక్కు ఒకసారి బిగించి మరచిపోయిన యంత్రాలతోనే. కర్మాగారాల నియంత్రణ పెట్టెలు, మీటర్లు, వాహనాల లోపలి చిన్న కంప్యూటర్లు, పాత పద్ధతిలో భద్రపరచిన దస్త్రాలు ఈ కోవలోకి వస్తాయి. వాటిలోని ప్రోగ్రామును మార్చాలంటే ముందు అది ఎక్కడెక్కడ ఉందో తెలియాలి.

32 బిట్ల అవధి ప్రధాన సంఖ్య కావడం అన్ని పరిమాణాలకూ వర్తించే నియమం కాదు. 8 బిట్ల అవధి 127 ప్రధాన సంఖ్య. 16 బిట్ల అవధి 32767 = 7 × 31 × 151. 64 బిట్ల అవధి 9223372036854775807 కూడా 7² × 73 × 127 × 337 × 92737 × 649657 గా విడిపోతుంది. 128 బిట్లకు వెళితే మాత్రం అవధి 2¹²⁷ − 1 అవుతుంది. అది 1876లో లూకా కనుగొన్న ప్రధాన సంఖ్య.